డిప్లొమా పిల్లలకు ప్రోగ్రామును లైవ్‌లో పెట్టడం కూడా నేర్పుదాం

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో రాబోతున్న డేటా సెంటర్ల గురించి మీ పత్రికలో వచ్చే వార్తలు కత్తిరించి మా ల్యాబ్ నోటీసు బోర్డుకు అంటించడం నాకు అలవాటు. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించిన వార్త ఇంకా అక్కడే ఉంది. అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలను, అంటే ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్లను అద్దెకిచ్చే చోట్లను, 2022 నవంబరులోనే హైదరాబాద్‌లో తెరిచిందని దాని కింద చేత్తో రాసి పెట్టాను. పిల్లలు నిలబడి చదువుతారు. "అక్కడ మనకు పని దొరుకుతుందా మేడమ్?" అని అడుగుతారు.

నేను చిత్తూరు జిల్లాలో ఒక పాలిటెక్నిక్‌లో పదకొండేళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ఇన్నేళ్లలో మా దగ్గర చివరి సంవత్సరం ప్రాజెక్టు చేసి వెళ్లిన పిల్లలు ఎంతో మంది. తాను రాసిన ప్రోగ్రామును ఇంటర్నెట్‌లో పెట్టి, ఇంకో ఊరి మనిషి చేత రోజూ వాడించినవాళ్లు మాత్రం నిరుటి దాకా ఒక్కరూ లేరు. అది వాళ్లకు చేతకాక కాదు. మేము చెప్పలేదు. సిలబస్‌లో లేదు కాబట్టి నేనూ చెప్పలేదు. నిరుడు ఒక అమ్మాయి వల్ల ఆ పని చేయాల్సి వచ్చింది, అప్పుడు తెలిసింది మేము ఎంత ముఖ్యమైన సగాన్ని వదిలేస్తున్నామో.

మా ప్రాజెక్టు వైవాలు ఎలా జరుగుతాయో చూసినవాళ్లకు తెలుసు. నల్ల రెక్సిన్ అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, లోపల ఎనభై పేజీలు. మొదటి ఇరవై పేజీలు ఏటేటా సీనియర్ల నుంచి జూనియర్లకు వచ్చేవే. కొన్ని ప్రాజెక్టులు అమీర్‌పేటలో కొన్నవని చూడగానే తెలుస్తుంది. సొంతంగా చేసినవాళ్లు కూడా ల్యాప్‌టాప్ తెరిచి, ఆ ల్యాప్‌టాప్‌లోనే తెరుచుకునే లోకల్‌హోస్ట్ చిరునామా కొట్టి, లాగిన్ పేజీ చూపించి కూర్చుంటారు. ల్యాబ్ కంప్యూటర్‌లో చూపించమంటే ఎర్ర అక్షరాలు వస్తాయి. "నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది మేడమ్" అంటారు.

ఆ మాట అబద్ధం కాదు. మా ల్యాబ్‌లో సగం యంత్రాలు ఇంకా విండోస్ 7 మీదే ఉన్నాయి. వాటిలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 3.8 దాటి ఎక్కదు. పిల్లల ల్యాప్‌టాప్‌లలో 3.11 ఉంటుంది. 3.10లో కొత్తగా వచ్చిన ‘మ్యాచ్’ అనే వాక్యం రాశారంటే ల్యాబ్ యంత్రానికి అది అర్థమే కాదు. ఏళ్ల తరబడి ఇలాంటి పిల్లలకు నేను మార్కులు తగ్గించాను. తలుచుకుంటే ఇప్పుడు బాధగా ఉంటుంది.

నిరుడు ఆ అమ్మాయి తెచ్చిన ప్రాజెక్టు వాళ్లమ్మ పాల కేంద్రం లెక్క. పలమనేరు దగ్గరి పల్లె. 62 మంది పాలు పోస్తారు, ఎక్కువ మందివి ఆవు పాలే. పొద్దున అయిదింటికి మొదలు, ఏడున్నరకు వ్యాను వచ్చేలోగా అందరివీ తూకం వేసి, శాంపిల్ తీసి, వెన్న శాతమూ ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చూసి రాయాలి. మళ్లీ సాయంత్రం పూట. పదిహేను రోజులకొకసారి బిల్లు. ఆ బిల్లు కట్టే రోజు రాత్రి వాళ్లమ్మ ఒంటి గంట దాకా కూర్చునేదట. ఆ ఒక్క రాత్రిని తప్పించాలని అమ్మాయి ఫ్లాస్క్ అనే పైథాన్ వెబ్ సాధనంతో ప్రోగ్రాము రాసింది. రికార్డు కోసం కాదు, అమ్మ కోసం. అందువల్ల లోకల్‌హోస్ట్ చాలదు. పల్లెలో వాళ్లమ్మ ఫోన్‌లో తెరుచుకోవాలి.

ఒక యంత్రంలో నడిచిన ప్రోగ్రామును ఇంకో యంత్రంలోనూ అలాగే నడిపించే కంటెయినర్ సంగతి అప్పుడు నేనూ కూర్చుని నేర్చుకున్నాను. నాకు అర్థమైన తీరులోనే పిల్లలకు చెప్పాను, పాఠకులకూ అదే చెబుతాను. పెళ్లికి వంట మేస్త్రీని పిలిస్తే ఆయన గుండిగలు, గంటెలు, చట్రాలు, దినుసుల డబ్బాలు అన్నీ బండిలో వేసుకుని దిగుతాడు. ఇంటివాళ్లు ఇవ్వాల్సింది పొయ్యికి చోటు, నీళ్లు, కట్టెలు. మన ఇంట్లో ఏ గిన్నె ఉంది, ఏది లేదు అన్న ప్రశ్నే రాదు. ప్రోగ్రాము, దానికి సరిపడే పైథాన్, అది అడిగే లైబ్రరీలు అనే సిద్ధం కోడ్ కట్టలు, సెట్టింగులు అన్నీ అలాగే ఒక్క మూటగా కడితే దాన్ని ఇమేజి అంటారు. ఆ ఇమేజిని నడిపిస్తే కంటెయినర్. సర్వర్ దగ్గర నుంచి అది అరువు తీసుకునేది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్, కాస్త మెమొరీ, కాస్త సీపీయూ. ఇదేమీ నిన్న మొన్న పుట్టినది కాదు. ఈ మూటలు కట్టి నడిపించే డాకర్ అనే సాధనం 2013లో వచ్చింది. ఒక్కో ప్రోగ్రాము ఎంత మెమొరీ, ఎంత సీపీయూ వాడుకోవచ్చో హద్దు గీసే సీగ్రూప్స్ అనే ఏర్పాటు 2008లోనే లినక్స్ కెర్నల్‌లో చేరింది. కొత్తది కాబట్టి చెప్పలేదు అనే సాకు మాకు లేదు.

మొదటి మధ్యాహ్నమంతా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో డాకర్ ఎక్కించడానికే సరిపోయింది. ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో, అంటే బయోస్‌లో, డాకర్‌కు కావాల్సిన వర్చువలైజేషన్ ఆపి ఉంది. అది ఆన్ చేయాలని చెప్పే సందేశం ఇంగ్లీషులో మూడు వరుసలుంది. అందులో ఏ మాట ముఖ్యమో తెలియక పిల్లలు రెండు గంటలు తిరిగారు.

తరువాత డేటా. హాస్టల్ పిల్లలకు వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాటే. రోజుకు 1.5 జీబీ. వాళ్లు తీసుకున్న మామూలు పైథాన్ ఇమేజి విప్పితే ఒక జీబీ దాకా ఉంటుంది. దాన్ని దించుకోవడానికీ, కట్టాక మళ్లీ క్లౌడ్‌కు ఎక్కించడానికీ ఆ రోజు కోటా అయిపోయింది. ‘స్లిమ్’ అనే చిన్న ఇమేజి తీసుకుంటే దానిలో ఏడో ఎనిమిదో వంతు చాలని మర్నాడు తెలిసింది. ఇంకో కిటుకు కూడా అప్పుడే పట్టుకున్నారు. ఇమేజిని ఎలా కట్టాలో రాసే డాకర్‌ఫైల్‌లో, కాపీ చేసే, ఎక్కించే వరుస ఒక్కొక్కటీ ఇమేజిలో ఒక్కో పొర అవుతుంది. లైబ్రరీల జాబితాను ముందు కాపీ చేసి వాటిని ఎక్కించి, మన సొంత కోడ్‌ను ఆ తరువాత కాపీ చేస్తే, కోడ్‌లో ఒక అక్షరం మార్చినప్పుడు కింది పొరలు కదలవు, పైనున్న చిన్న పొర ఒక్కటే మళ్లీ ఎక్కుతుంది. వరుసలు తారుమారైతే ప్రతిసారీ లైబ్రరీలన్నీ మళ్లీ మోయాలి. పెద్ద ఆఫీసులో కూర్చున్నవాళ్లకు ఇది అయిదు నిమిషాల తేడా. మా పిల్లలకు ఒక రోజు డేటా.

ఎక్కించాక తెరుచుకోలేదు. ప్రోగ్రాము 127.0.0.1 మీద వింటోంది. అంటే కంటెయినర్ లోపలి నుంచి పిలిస్తేనే పలుకుతుంది. బయటి పిలుపులూ వినాలంటే 0.0.0.0 అని మార్చాలి. పైగా ఫ్లాస్క్ 5000 పోర్టు (ప్రోగ్రాము వినే తలుపు నంబరు) మీద కూర్చుంటే, మేము ఎంచుకున్న క్లౌడ్ సేవ 8080 మీద వెతుకుతోంది. ఈ రెండూ సర్దాక, ఒక బుధవారం సాయంత్రం నాలుగున్నరకు, వాళ్లమ్మ తన ఫోన్ నుంచి ‘కనిపిస్తాండాది పాపా’ అని చెప్పింది. ల్యాబ్‌లో పిల్లలు కొట్టిన చప్పట్లకు పక్క క్లాసు లెక్చరర్ వచ్చి చూశారు.

అసలు పాఠాలు ఆ తరువాత మొదలయ్యాయి. అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది, మన్నించాలి.

ఒకటో తేదీ నుంచి పాలు అందులో రాయడం మొదలుపెట్టారు. మూడో తేదీ పొద్దున తెరిస్తే రెండు రోజుల లెక్క లేదు. నాలుగు పూటల పాలు, ఒక్క వరుస కూడా లేదు. అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. ఎవరో దొంగిలించారనుకుంది. కారణం చాలా మామూలుది. డేటాబేస్ ఫైలు కంటెయినర్ లోపలే ఉంది. ఎవరూ వాడని వేళ ఆ సేవ కంటెయినర్‌ను ఆపేసి, మళ్లీ పిలిచినప్పుడు ఇమేజి నుంచి కొత్తది నిలబెడుతుంది. పెళ్లి అయ్యాక వంట మేస్త్రీ గుండిగలు కడుక్కుని వెళ్లిపోతాడు. మిగిలిన పులిహోర కావాలంటే మనం ముందే ఇంటి గిన్నెలోకి తీసుకోవాలి. దాచుకోవాల్సినదేదైనా కంటెయినర్ బయట ఉండాలి. వేరే డేటాబేస్ సర్వర్‌లోనో, కంటెయినర్ పోయినా నిలిచే వాల్యూమ్ అనే నిల్వలోనో. ఈ మాట నేను ముందే చెప్పి ఉండాల్సింది. మమ్మల్ని కాపాడింది వాళ్లమ్మ. ఆమె ఫోన్‌లో కొడుతూనే పాత నోటుపుస్తకంలో కూడా రాసుకుంటోంది. తల్లీకూతుళ్లు ఆ రాత్రి కూర్చుని రెండు రోజుల లెక్కా మళ్లీ ఎక్కించారు.

పదిహేనో తేదీ రాత్రి మొదటి బిల్లు. అంకెలన్నీ సరిగ్గా వచ్చాయి. పేర్ల చోట 62 వరుసల్లో ఖాళీ గళ్లు. ల్యాప్‌టాప్‌లో అవే పేర్లు చక్కగా వచ్చేవి, ఎందుకంటే విండోస్‌లో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. స్లిమ్ ఇమేజిలో ఏ తెలుగు ఫాంటూ లేదు. మనం వేస్తేనే ఉంటుంది. మండలి ఫాంటు ఉచితంగా దొరుకుతుంది కాబట్టి దాన్ని ఇమేజిలో పెట్టి మళ్లీ కట్టారు. నేను చదివిన ఏ ఇంగ్లీషు పాఠంలోనూ ఈ సంగతి లేదు. ఉండదు కూడా. ఇంగ్లీషులో బిల్లు వేసుకునేవాళ్లకు ఈ అవసరం రాదు. మన భాషలో పని చేసే ప్రతి ప్రోగ్రాముకూ వస్తుంది.

రెండో బిల్లు దగ్గర జరిగింది ఇంకా విచిత్రం. అందరికంటే ముందు వచ్చి పాలు పోసే ఒక పెద్దామె, "పొద్దున్నే ముందొచ్చేది నేనే, నాకే తగ్గినాయా?" అని నిలదీసింది. నోటుపుస్తకంతో సరిచూస్తే ఆరు లీటర్లు తక్కువ. ఆమెతో పాటు ఇంకో ఏడుగురికి తగ్గాయి. ఎనిమిది మందీ అయిదున్నరకు ముందు వచ్చేవాళ్లే. అది చూశాక నాకు వెలిగింది. కంటెయినర్ గడియారం మన సమయం కాదు, యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. మనకంటే అయిదున్నర గంటలు వెనక. పదహారో తేదీ పొద్దున 5:12కు పోసిన పాలు దాని లెక్కలో పదిహేనో తేదీ రాత్రి 11:42. మొదటి బిల్లు పదిహేను రాత్రి పదింటికే వేసేశాం కాబట్టి అందులో లేవు. పదిహేనో తేదీ కింద పడ్డాయి కాబట్టి రెండో దాంట్లోనూ లేవు. మన దేశ కాలమానానికి కొలతైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడ దగ్గరి నుంచే పోతుందని పిల్లలు ఎప్పుడో సోషల్ పుస్తకంలో చదివారు. దాన్ని డాకర్‌ఫైల్‌లో ఒక్క వరుసగా రాయాలని మేము చెప్పలేదు. టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా, అంతే ఆ వరుస. ఎనిమిది మందికీ బాకీ డబ్బు మర్నాడే ఇచ్చేశారు. ఆఫీసు వేళల్లో పది నుంచి అయిదు దాకా వాడే ప్రోగ్రాములో ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. పాల కేంద్రంలో నెలలోపే పడింది.

నెల చివర బిల్లు, ఈసారి మాకు. డేటాబేస్‌ను బయట పెట్టమన్నాం కదా, అదే సంస్థ దగ్గర అద్దె డేటాబేస్ తీసుకున్నాం. కంటెయినర్ నిద్రపోతే డబ్బు పడదు, డేటాబేస్ మాత్రం రాత్రింబవళ్లు మేలుకునే ఉంటుంది. 2,340 రూపాయలు. కార్డు నాది, ఎందుకంటే ఖాతా తెరవాలంటే కార్డు కావాలి, పిల్లల దగ్గర లేదు. 500 దాటితే చెప్పమని బడ్జెట్ పెట్టాను. అది మెయిల్ పంపింది, ఖర్చును ఆపలేదు. ఆపడం దాని పని కాదని అప్పుడు చదివి తెలుసుకున్నాను. ఖాతా తెరిచిన రోజు ప్రాంతం ఎంచుకోమంటే ముందే టిక్ ఉన్నదాన్ని అలాగే వదిలేశారు, అది అమెరికాలో ఉంది. పలమనేరు పాల లెక్క సముద్రాలు దాటి వెళ్లి వస్తోంది. పొద్దున అయిదింటికి మొదటి నొక్కుకు ఎనిమిది తొమ్మిది సెకన్లు పట్టేది, నిద్రపోయిన కంటెయినర్ లేవాలి కదా. చేతిలో పాల క్యాన్‌తో వరుసలో నిలబడ్డవాళ్లకు అది చాలా సేపు.

ఇప్పుడు మన దేశంలోనే ఉన్న ఒక చిన్న అద్దె సర్వర్ మీద రెండు కంటెయినర్లు నడుస్తున్నాయి. ఒకటి ప్రోగ్రాము, ఒకటి డేటాబేస్, దానికి వాల్యూమ్. రాత్రి పదకొండుకు బ్యాకప్ వేరే చోటికి పోతుంది. నెలకు ఆరు వందల లోపు. మొదటి మూడు నెలలు నేను కట్టాను. నాలుగో నెల నుంచి వాళ్లమ్మే, లీటరుకు వచ్చే కమీషన్‌లోంచి, అడగకుండానే కడుతోంది. కుబెర్నెటిస్ పెడదామని మగపిల్లలిద్దరు పట్టుబట్టారు. 2014లో గూగుల్ బయటపెట్టిన ఆ సాధనం వందలు వేల కంటెయినర్లను కాయడానికి. 62 మంది పాల లెక్కకు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమని చెప్పి ఆపాను. ఎంత చాలు అని తేల్చుకోవడం కూడా ఈ చదువులో భాగమే. కోచింగ్ బోర్డులు అది చెప్పవు.

డేటాబేస్ పాస్‌వర్డ్ సంగతి కూడా చెప్పాలి. మొదట దాన్ని కోడ్‌లోనే రాసి ఇమేజిలో కట్టేశారు. తరువాతి వరుసలో ఆ ఫైలు తీసేశాం కదా అనుకున్నారు. కింది పొరలో అది అలాగే ఉంటుంది, ఇమేజి చేతికి చిక్కిన ఎవరైనా విప్పి చదవొచ్చు. 62 కుటుంబాల బ్యాంకు ఖాతా నంబర్లు ఆ డేటాబేస్‌లో ఉన్నాయి. పాస్‌వర్డ్ మార్చి, దాన్ని సర్వర్ మీదే ఉంచి, నడిపించేటప్పుడు మాత్రమే అందించేలా చేశాక గానీ ఆ రోజు ఎవరినీ ఇంటికి పోనివ్వలేదు.

ఇక నా విన్నపం. సిలబస్ రాసే పెద్దలు, వైవాలకు వచ్చే ఎగ్జామినర్లు ఈ ఉత్తరం చదివితే, ప్రాజెక్టుకు వెబ్ చిరునామా తప్పనిసరి చేయండి. ఎగ్జామినర్ తన సొంత ఫోన్‌లో తెరిచి చూడాలి. వైవాకు ముందు కనీసం 30 రోజులు అది నడిచి ఉండాలి, కాలేజీ బయటి మనిషి ఒక్కరైనా వాడి ఉండాలి. కిరాణా కొట్టు కావచ్చు, గ్రంథాలయం కావచ్చు, పట్టు గూళ్ల రైతు కావచ్చు. డబ్బు ఎక్కడిదని అడుగుతారు. మా బ్రాంచిలో 15 జట్లు. ఒక్కో జట్టు నాలుగు రికార్డులు కట్టిస్తుంది, ఒక్కోటి 350 రూపాయలు. మొత్తం 21,000 రెక్సిన్ అట్టలకు పోతోంది. నాలుగు జీబీ మెమొరీ ఉన్న అద్దె సర్వర్ నెలకు రెండున్నర వేల లోపు దొరుకుతుంది. 15 చిన్న ప్రాజెక్టులు ఒకదానికొకటి అడ్డురాకుండా అందులో 15 కంటెయినర్లుగా నడుస్తాయి. మూడు నెలలకు చూసుకున్నా అట్టల ఖర్చులో సగం కాదు. ఖాతా కాలేజీ పేరు మీద ఉండాలి, పిల్లలనో లెక్చరర్లనో కార్డు ఇమ్మనకూడదు.

కొన్న ప్రాజెక్టుల బెడద కూడా దీంతో చాలా తగ్గుతుందని నా నమ్మకం. అట్ట వేసిన రికార్డు కొనుక్కోవచ్చు. మూడో తేదీ పొద్దున లెక్క మాయమైతే కూర్చుని వెతకడం కొనుక్కోలేరు.

తెలుగులో రాతలు కావాలి. మా పిల్లలు పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాళ్లు. తర్కం వాళ్లకు బాగా అందుతుంది, ఎర్ర అక్షరాల ఇంగ్లీషు దగ్గరే ఆగిపోతారు. ఆ అమ్మాయి, నేను కలిసి పదకొండు పేజీల నోట్సు తెలుగులో రాశాం. ఏ ఎర్ర సందేశానికి అర్థమేమిటి, పొరల వరుస ఎలా ఉండాలి, ఫాంటు ఎక్కడ పెట్టాలి, గడియారం ఎలా సరిచేయాలి, బ్యాకప్ తీయడమే కాదు, దాన్ని తిరిగి ఎక్కించి చూడడం ఎలా. మీ చదువుల పేజీలో వారానికి కొంత చోటిస్తే విడతలుగా పంపుతాం. పారితోషికం అక్కర్లేదు. ఇతర పాలిటెక్నిక్‌ల లెక్చరర్లు తమ ఊళ్లలో ఎదురైన తిప్పలు దానికి జోడిస్తే ఇంకా మేలు. మాకు తెలిసినవి పాల కేంద్రం తిప్పలు మాత్రమే.

ఈ ఏడు చివరి సంవత్సరంలో మరో మూడు జట్లు ఇదే దారి పట్టాయి. ఒక జట్టు పలమనేరు మార్కెట్ టమాటా ధరల మీద పని చేస్తోంది. వాళ్ల డాకర్‌ఫైల్‌లో టైమ్‌జోన్ వరుస నేను చెప్పకముందే ఉంది.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ అధ్యాపకురాలు,
చిత్తూరు జిల్లా